చెయ్యి తియ్యమని చెప్పే రిఫరీ

బాస్కెట్‌బాల్‌లో ఓడినవాడికి ముందుగా దొరికేది రిఫరీయే. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మేమంతా ఆయనకు కళ్లు కనబడవనేవాళ్లం. అందరికంటే నా గొంతే పెద్దది.

కరోనా రెండో ఏడు సూరత్‌లో బట్టల వ్యాపారులు కొందరు కలిసి నడిపే లీగ్‌లో నేను జీతానికి ఆడేవాణ్ని. ఆ ఊళ్లోనే మేముండే డిండోలిలో నాన్న పనిచేసే మరమగ్గాలు ఆగిపోయాయి. ఇంట్లో పొయ్యి వెలిగేది నా జీతంతోనే. జనాన్ని రానివ్వకుండా ఖాళీ హాల్లో ఆడించి, ఫోన్లలో చూపించేవారు.

మా మ్యాచ్‌లకు తరచుగా వచ్చే రిఫరీ రైల్వేలో పనిచేసే తెలుగాయన. కోర్టు బయట ఆయన్ని మామా అనేవాణ్ని. ఆయనకో పద్ధతి ఉంది. విజిల్ ఊదే ముందు ఒకసారి నోటితో చెప్పేవాడు, గుజరాతీ కుర్రాడికి గుజరాతీలో, నాకు తెలుగులో. "చెయ్యి తియ్యి బిడ్డా. జర ఎనక్కి జరుగు." వింటే ఆట సాగుతుంది, వినకపోతే విజిల్. కరోనాకు ముందు జనం గోలలో ఆ మాట ఎవరికి చెబితే వాళ్లకే వినబడేది.

ఖాళీ హాల్లో అది అందరికీ వినబడింది. తనవాడికి తన భాషలో ఏవో కిటుకులు చెబుతున్నాడని అవతలి జట్టు మేనేజర్ ఫిర్యాదు చేశాడు. నిర్వాహకులు ముందూ వెనకా చూడకుండా, ఆట మధ్యలో రిఫరీ ఆటగాళ్లతో మాట్లాడకూడదన్నారు. మామ వాదించలేదు. నోరు కట్టేసుకుని విజిల్ ఒక్కటే ఊదడం మొదలుపెట్టాడు.

దాంతో నా ఫౌల్స్ పెరిగిపోయాయి. ఐదయితే ఆటలోంచి బయటికి పోవాలి. మ్యాచ్ తర్వాత మ్యాచ్ ముగింపుకు నేను బెంచీ మీదే ఉన్నాను. నాకు ఒళ్లు మండింది. మనవాడే మన గొంతు కోస్తున్నాడని ఇంట్లో అరిచాను.

నాన్న తాపీగా అడిగాడు. "అయితె నువ్వు జేసినయి ఫౌల్లు గావా?"

నేను అన్నం ముందు నుంచి లేచిపోయాను.

సీజన్‌లో చివరి మ్యాచ్‌కు ముందు కోచ్ తేల్చి చెప్పాడు. ఈసారి కూడా ఐదు ఫౌల్స్‌తో బయటికొస్తే వచ్చే సీజన్‌కు నీ చోట్లో ఇంకొకడుంటాడు అన్నాడు.

ఆ రోజూ మామే రిఫరీ. మూడో క్వార్టర్ అయ్యేసరికి నాకు నాలుగు పడ్డాయి. చివరి క్వార్టర్‌లో వాళ్ల పొడుగాటి కుర్రాడు బుట్ట కింద బంతి అందుకున్నాడు. అలవాటుగా నా చెయ్యి అతని నడుం మీదికి పోయింది. మామ పక్కనే ఉన్నాడు, విజిల్ పళ్ల మధ్య ఉంది. ఆయన అనాల్సిన మాట నేనే పైకి అన్నాను. "చెయ్యి తియ్యి." తీశాను. ఆ తర్వాత ప్రతిసారీ అలాగే అనుకుంటూ ఆడాను.

మళ్లీ తెలుగు అంటూ అవతలి మేనేజర్ లేచాడు. ఆట ఆగినప్పుడు మామ అతని దగ్గరికి వెళ్లి, ఆటగాడు తనతో తాను మాట్లాడుకోకూడదని రూలు లేదని హిందీలో చెప్పి వచ్చాడు.

మ్యాచ్ ఓడిపోయాం. నేను మాత్రం చివరిదాకా కోర్టులోనే ఉన్నాను. వచ్చే సీజన్‌కు రమ్మన్నాడు కోచ్.

బయట స్కూటర్ మీద కూర్చుని మామ ఫోన్‌లో అదే మ్యాచ్ తిరిగి చూస్తున్నాడు. సంతోషంలో ఉన్నాను కాబట్టి ధైర్యంగా అడిగాను. "నిజం చెప్పు మామా, నాలుగుకు నాలుగూ ఫౌల్లేనా?"

"నాలుగు గాదురా, అయిదు." ఫోన్ నా వైపు తిప్పాడు. రెండో క్వార్టర్‌లో నా మోచెయ్యి ఒక కుర్రాడి పక్కటెముకల్లో దిగుతోంది. "గిది నాకు కనబడలే. నేను అడ్డం నిలబడ్డ, తప్పు జాగల."

ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆయన తప్పు చోట నిలబడబట్టే ఆ తర్వాతి ఏడాదంతా మా ఇంట్లో పొయ్యి వెలిగింది. ఆయన మాత్రం ఆ రోజు అన్నం సరిగా తినలేదని తర్వాత వాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు అత్త చెప్పింది.