కాపురానికి పోయే బండి, ఒక్క సీసా కానుగ నూనె

బస్తరు రాజుల ఏలుబడిలో మరైగూడ నుంచి బాసగూడకు దారి అంటే, అడవిలో బండి చక్రాలు గీసిన రెండు గీతలే. ముసలితనంలో సారలమ్మ కళ్లు మూసుకుంటే ఆ గీతలు ఇంకా తడితడిగా మెరిసేవి. చంటిపిల్లలతో, సారపప్పు మూటలతో ఎన్నిసార్లు తిరిగిందో ఆ దారిన. భర్త రామనర్సయ్య పోయాక దారి కూడా చెట్లలో కలిసిపోయింది. అయినా ఆమెకు గుర్తొచ్చేది మొదటి ప్రయాణమే. వానలు వెలిశాక, మనువాడిన మేనబావ రామనర్సయ్య బండిలో, కొత్త కోడలిగా.

"వాగులు దాటితే దోమలు మనుషుల్ని మోసుకపోతయ్ బిడ్డా," అంటూ మరైగూడలో బండెక్కేటప్పుడు తల్లి కానుగ నూనె సీసా చేతిలో పెట్టింది. "పొద్దు వాలకముందే కాళ్లకు, మెడకు రాసుకో. చలిజ్వరం కొత్త కోడలని చూడదు."

పొద్దు వాలే వేళకు ఒక వాగు ఒడ్డున, ఇప్పచెట్ల కింద బండి ఆగింది. సారలమ్మ మొహం కడుక్కుని వచ్చేసరికి రామనర్సయ్య ఎర్రెద్దు మెడ నిమురుతున్నాడు. కాడి ఒరుసుకుని లేచిన పుండు చుట్టూ, చెవుల వెనక నూనె నిగనిగలాడుతోంది. సీసా ఖాళీగా గడ్డిలో పడి ఉంది.

ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"ఏంది బావా ఇది? నువ్వు మనువాడింది నన్నా, ఎద్దునా?"

"పుండు మీద దోమలు ముసిరితే అది నిలవదు పిల్లా. చెప్పుకునేందుకు దానికి నోరు లేదు. నీకుంది గద."

"ఉంది. ఇనుకో మరి. తెల్లారి ఉప్పుకు పోయే బండ్లు ఎదురొస్తయ్. అవి ఎక్కి మా ఊరికి పోత. నువ్వు ఎద్దుతోనే కాపురం చెయ్."

పెళ్లికూతురికి తోడుగా బాసగూడ నుంచి వచ్చిన ముసలి హిడ్మే బండి వెనక పకపకా నవ్వింది. "పోనియ్ రా! బండి తేలికైతది. ఎద్దుకు ఇంకా సుఖం."

రామనర్సయ్య నవ్వలేదు, బతిమాలలేదు. పగిలిన కుండలో పిడక నిప్పు చేసి వేపరెమ్మలు, వావిలాకు వేశాడు. చేదు పొగ లేచింది. గాలి వాగు వైపు నుంచి వస్తే కుండ అటు పెట్టాడు. గాలి మళ్లితే లేచి కుండను ఇటు మార్చాడు. తన గొంగడి ఆమె కాళ్ల మీద కప్పాడు. పొగ పలచటి తెరలా చుట్టూ ఊగుతుంటే, తెరకు అవతల దోమల రొద దూరపు ఊరి డోలులా సన్నగిల్లుతుంటే, సారలమ్మ అలిగిన మొహంతోనే నిద్రపోయింది.

తెల్లవారి ఎర్రెద్దు మొరాయించకుండా, గుడ్డ చుట్టిన కాడి కింద మెడ పెట్టింది. పలుపు బిగించడానికి వంగిన భర్త వీపు చూసి సారలమ్మ నిలబడిపోయింది. మెడ నుంచి నడుము దాకా చింతగింజలు పరిచినట్టు దద్దుర్లు. పొగంతా ఆమె వైపు వదిలి, తను గాలి వచ్చే వైపు కూర్చున్నాడు.

"నీకూ ఉంది గద నోరు! చెప్పొద్దా?" అని కసిరింది.

"చెప్పి ఏం జేయాలె? పోయేదానివి."

ఆమె వావిలాకు దూసి, రాతి మీద నూరి, ఆ పసరు అతని వీపుకు పట్టించింది. చెయ్యి కాస్త గట్టిగానే పడింది.

"మెల్లగనే!"

"ఎద్దు ఇట్ల మొత్తుకున్నదా?" అంది హిడ్మే.

అంతలో ఉప్పు బండ్లు వచ్చాయి. "మరైగూడ దిక్కు ఎవరన్నా వస్తరా? చోటుంది!" ముందు బండివాడు కేకేశాడు.

రామనర్సయ్య చేతులు పలుపు ముడి దగ్గర ఆగిపోయాయి. తల మాత్రం ఎత్తలేదు.

"ఎవరూ రారు," అంది సారలమ్మ, పసరు చేతులు కొంగుకు తుడుచుకుంటూ.

"ఏ ఊరమ్మా మీది?"

"బాసగూడ."

ఆ ఊరిని ఆమె ఇంకా చూడనే లేదు.