హెడర్ ఫైళ్ల ఢిల్లీశ్వరరావు

బరంపురంలో బట్టల కొట్టు మేడ మీద కాపురముండే ఢిల్లీశ్వరరావు ఒక ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌కు హెడర్ ఫైళ్ల సంరక్షకుడు. ప్రోగ్రాములు ఏ పనిని ఏ పేరుతో పిలవాలో చెప్పే ఫైళ్లవి. ఆ పేర్లను ఖరారు చేసే కొత్త ప్రమాణం వెలువడినప్పుడల్లా ఆయన స్నానం చేసి, కళ్లజోడు తుడుచుకుని, అందులోని కొత్త పేర్లను వాటిలో చేరుస్తాడు. ఈసారి చేర్చిన పేరు దగ్గర్లోని దిగపహండిలో ధాన్యం తూచే కాటా ప్రోగ్రాములో ముందునుంచే ఉంది. దాంతో ఆ ప్రోగ్రాము కంపైల్ కానని, అంటే యంత్రం నడపగల రూపంలోకి మారనని మొండికేసింది. అక్కడ తూకం ఆగిపోయింది.

"ఆళ్లనే పేరు మార్సుకోమనండి," అంది పక్కనే కూర్చున్న భార్య లక్ష్మీప్రసన్న.

"తప్పు. కొత్త ప్రమాణం కావాలని అడిగినోళ్లకే కొత్త పేరు కనబడాల. అడగనోళ్ల పేరు జోలికి మనమెల్లకూడదు," అని తీర్పు చెప్పి, ఆ షరతు ఫైల్లో రాశాడు. కాసేపటికి కాటా కదిలిందని ఫోనొచ్చింది.

"మరి అత్తమ్మదీ నాదీ ఒకటే పేరని పెళ్లిలో నా పేరు తీసీసి ఈ పేరెట్టినారు కదండీ. అప్పుడేటయింది ఈ షరతు?"

"ఇప్పుడు పెడితే సరి," అన్నాడు ఢిల్లీశ్వరరావు ఏమాత్రం తొణక్కుండా. గొంతు సవరించుకుని, ఆమె వైపు తిరిగి, "భారతీ," అని పిలిచాడు.

ఆమె పలికేలోపే పక్క గదిలోంచి తల్లి పలికింది.

"కన్నతల్లిని పేరెట్టి పిలుత్తున్నావేట్రా?"