బొన్సు మేస్త్రీ తెల్లచొక్కా

ఆదివారం ఉదయం తొమ్మిదింటికి బొన్సు మేస్త్రీ మల్లెపువ్వులాంటి తెల్లచొక్కా వేసుకుని, బైబిలు సంచి భుజాన తగిలించుకుని చర్చికి బయల్దేరతాడు. మధ్యాహ్నానికి కోడిని కోసినవాడిలా ఎర్రటి మరకలతో ఇంటికొస్తాడు. ఘనా దేశపు కుమాసిలో ఈ కార్ల మేస్త్రీని ఎరిగినవాళ్లందరికీ కారణం తెలుసు. ఆగివున్న కారు కనిపిస్తే దాని కిందికి దూరకుండా ఉండలేడు.

అందులోనూ వాటంతటవే గేర్లు మార్చుకునే ఆటోమేటిక్ బళ్లంటే ప్రాణం. వాటి గేర్‌బాక్సులో పోసే ఆయిల్ ఎర్రగా ఉంటుంది. ఎక్కడ ఒక్క బొట్టు కారినా వేలితో అద్ది, వాసన చూసి, వేళ్ల మధ్య రుద్ది మరీ తీర్పు చెబుతాడు. ఒక శనివారం ఎవరివో అంత్యక్రియలకు వెళ్లి, అందరూ పందిట్లో ఏడుస్తుంటే ఈయన బయట కారు కింద తేలాడు.

"పోయినాయన మీకేమవుతారు?" అని ఎవరో అడిగారు.

"ఆయన నాకు తెలీదు. ఆయన కారు బాగా తెలుసు. వెనక ఆయిల్ సీలు పోయింది, పాపం" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

చావులకు ఊరంతా నలుపూ ఎరుపూ కడతారు గనక శనివారం మరకలు కనబడవు. ఆదివారం కృతజ్ఞతా ప్రార్థనకు అందరూ తెలుపే. ఇంట్లో రభస అంతా ఆ రోజే.

"దేవుడి దగ్గరికెళ్లావా, కసాయి కొట్టుకెళ్లావా?" అనేది ఆయన భార్య అఫ్రియే.

"పాస్టరుగారి బండికి చిన్న చెమ్మ..."

"ప్రసంగం దేనిమీద చెప్పారు?"

"కిందికి సరిగ్గా వినపళ్లేదే."

అదే చర్చికి వచ్చే పొకువాది రొట్టెల వ్యాపారం. ఆమె పాత జపాను వ్యానుకు నెల్లాళ్లుగా ఓ తెగులు. బయల్దేరేటప్పుడు హుషారు, వేడెక్కాక నీరసం. ఎత్తు రాగానే ఇంజను గొంతు చించుకుంటుంది, చక్రాలు మాత్రం కదలవు. మాంపొంగ్ కొండమీది హాస్టలుకు పొద్దున ఆరింటికల్లా రొట్టెలు చేరాలి. రెండుసార్లు ఆలస్యమైంది. "ఈ సోమవారం కూడా ఇంతేనైతే వేరే ఆమెను చూసుకుంటాం" అని హాస్టలు వంటావిడ చెప్పేసింది.

ముగ్గురు మేస్త్రీలు వ్యాను చూశారు. ముగ్గురూ పెట్రోలు దండగని ఇంజను ఆపేసి, ఆయిల్ కొలిచే పుల్ల పైకి లాగి, "ఆయిల్ నిండుగా ఉంది. అంటే లోపల క్లచ్ ప్లేట్లు కాలిపోయాయి. గేర్‌బాక్సు మార్చాల్సిందే" అన్నారు. గేర్‌బాక్సు కొనాలంటే వ్యాను అమ్ముకోవాలి. బొన్సును ఆమె అడగలేదు. ప్రసంగం జరుగుతుంటే కార్ల కింద పొర్లాడే మనిషిని నమ్మి బండెలా ఇస్తుంది?

ఆ ఆదివారం పాస్టరు ప్రసంగంలో తప్పిపోయిన గొర్రె కథ దగ్గరికి వచ్చేసరికి బయట ఓ ఇంజను దగ్గి, స్టార్టయింది. ఆ దగ్గు పొకువాకు తెలియనిదా! టీ చెంచా పెట్టి తిప్పినా స్టార్టయ్యే బండి అది.

"దొంగ! నా వ్యాను!" అని ఆమె పరిగెత్తింది. వెనకే సగం చర్చి, తంబురీన్లతో సహా పాటల బృందం.

వ్యాను ఎక్కడికీ పోలేదు. దాని కింద నుంచి పాలిష్ బూట్లున్న రెండు కాళ్లు బయటికి కనబడుతున్నాయి.

"మావయ్యా! నా బండి కింద ఏం చేస్తున్నావు?"

"ఇంజను ఆపకు!" కింద నుంచి కేక. "ఆపితే ఆయిలంతా కిందికి దిగి నిండుగా ఉన్నట్టు నటిస్తుంది. నడిచేటప్పుడే నిజం చెబుతుంది. పుల్ల తీసి చూడు."

పొకువా పుల్ల లాగి, తుడిచి, మళ్లీ ముంచి తీసింది. కొన మాత్రమే తడిసింది.

"వాసన చూడు. మాడు వాసనేమన్నా వస్తోందా? రొట్టెలు కాల్చేదానివి, నీకు తెలియదా?"

"లేదు మావయ్యా."

"ప్లేట్లు శుభ్రంగా ఉన్నాయన్నమాట. గేర్‌బాక్సు ఆయిల్ చల్లబడ్డానికి రేడియేటరుకెళ్లే గొట్టం క్లిప్పు వదులై, నెల్లాళ్లుగా బొట్టు బొట్టు పోయింది. కొత్త క్లిప్పు వేశాను. ఇక ఆయిల్ కొంచెం కొంచెం పోస్తూ చూసుకో."

"ఆయిలేదీ?"

"బైబిలు సంచిలో."

పాస్టరే స్వయంగా సంచి తెరిచాడు. రెండు ఆయిల్ డబ్బాలు, గుప్పెడు క్లిప్పులు, సీళ్లు, ఒక స్పానరు.

"ఇందులో బైబిలేదయ్యా?"

"అడుగున చూడండి. మరక పడకుండా కవరు చుట్టాను."

పాస్టరు నోరు తెరిచేలోగా అఫ్రియే ముందుకొచ్చి మొగుణ్ణి లేపి నిలబెట్టింది. చొక్కా మీద వేలుపెట్టి వరసగా చూపించింది.

"ఈ మరక పాటల బృందం ఆవిడ కారుది. ఈ మోచేతిది మీదే, పాస్టరుగారూ. నాలుగేళ్లుగా ఉతుకుతున్నాను, నాకు తెలియదూ? మన సంఘంలో ఒక్క బండీ దారిలో ఆగలేదని మీరు ఏటేటా దేవుడికి దణ్ణాలు పెడుతున్నారే, ఆ బళ్లన్నీ ఈ చొక్కా మీదే ఉన్నాయి."

"మాకొక్క మాట చెప్పొచ్చుగా మేస్త్రీ?" అన్నాడు పాస్టరు, గొంతు తగ్గించి.

"క్లిప్పు వదులైందంటే మీరు నమ్ముతారా? గేర్‌బాక్సు పోయిందన్నవాడి దగ్గరికే పరిగెడతారు. ఎందుకొచ్చిన వాదనని నేనే బిగించేస్తున్నా" అన్నాడు బొన్సు, చొక్కా దులుపుకుంటూ. మరకలు ఇంకా పెద్దవయ్యాయి.

సోమవారం వ్యాను కొండెక్కింది. ఐదూ నలభైకి రొట్టెలు హాస్టల్లో ఉన్నాయి, ఇంకా వెచ్చగా.

పై ఆదివారం పొకువా ఒక పొట్లం తెచ్చి అఫ్రియే చేతిలో పెట్టింది. అందులో చావులకు కట్టే ఎర్రబట్టతో కుట్టించిన చొక్కా ఉంది. తెల్లబట్టల సంఘం మధ్య ఆ ఒక్క ఎర్రచొక్కా చూసి, కొత్తగా చేరినాయన అఫ్రియే పక్కకు వంగాడు.

"పాపం, ఆయనింట్లో ఎవరైనా పోయారా అమ్మా?"

"ఎవరూ పోలేదు. మీ కారేది?" అంది అఫ్రియే. "తాళం దానికే వదిలేసి రండి."