మా రూతక్క ఖాతా తెరుచుకున్న విధము

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, ఎర్ర సముద్రం చీలినంత గొప్ప సాక్ష్యం తెచ్చాను, గట్టిగా కూర్చోండి! ఉత్తదే లెండి. సముద్రమేమీ చీలలేదు, ఆదోనిలో ఒక బ్యాంకు ఖాతా తెరుచుకుంది, అంతే. అయినా దేవునికే మహిమ.

మాది ఎమ్మిగనూరు. మా రూతక్కకు ముప్పై దాటినా మనసు ఆరేళ్ల పిల్లది, పైగా మూర్ఛ, ఒక్క పూట మాత్ర తప్పితే పడిపోతుంది. నాయన మగ్గం నేసి ఆమె మందులకని ఆమె పేరునే ఆదోని బ్యాంకులో కొంత డబ్బు దాచి, తానే సంతకం పెట్టి తీస్తుండేవాడు. నిరుడు నాయన ప్రభువు దగ్గరికి వెళ్లాడు, సంతకమూ ఆయనతోనే వెళ్లిపోయింది! "ఆమె సంతకం చేయలేరు, మీరు చేయకూడదు, చట్టప్రకారం సంరక్షకులు మీరేనని జిల్లా కమిటీ ఇచ్చే పత్రం తెండి" అన్నారు బ్యాంకులో.

అమ్మ చెవి కమ్మలు అమ్ముడుపోయి మాత్రలయ్యాయి. రోజూ మోకాళ్ల మీద ఒకటే ప్రార్థన: "అయ్యా ప్రభువా, బిడ్డకు మాత్ర తప్పనీయొద్దు, ఆ బ్యాంకు సారుకు మనసన్నా ఇయ్యి, నాకు కాయితమన్నా ఇయ్యి!"

దరఖాస్తు నేనే రాశాను, ఇంట్లో డిగ్రీ పరీక్ష తప్పేదాకా చదివింది నేనొక్కడినే కాబట్టి. 'రూతు' అని ముత్యాల్లా రాశాను, సంఘమంతా రూతు కోసం ఉపవాసముంది, రెండు నెలలకు దరఖాస్తు తిరిగొచ్చింది. ఆధార్‌లో ఉన్నది సుంకులమ్మ! బాప్తిస్మానికి ముందు పెట్టిన పేరు అది, నాయన ముద్దుగా పిలవడం తప్ప ఇంకెవరమూ పలకనిది. ఇద్దరూ ఒకరేనని దేవునికి తెలుసు, గుమాస్తాకెలా తెలుస్తుంది?

ఈసారి సుంకులమ్మ అనే రాసి, సంరక్షకులుగా అమ్మ పేరూ నా పేరూ పెట్టి మళ్లీ పంపాం. ఈలోగా వేలిముద్ర మనిషి అయిన మా అమ్మ నా పాత పలక మీద సంతకం దిద్ది నేర్చుకుంది. కమిటీ వాళ్లు ఆదోనిలో పెట్టిన విచారణ రోజున నేను మాత్రం సంరక్షకుణ్ణి నేనే అవుతానని చొక్కా ఇస్త్రీ చేసుకుని మోషేలా నిలబడ్డాను. అధికారి లేచి వచ్చి అక్క పక్కన కూర్చున్నాడు.

"నీ పేరేందమ్మా?"

"నాయన సుంకులీ అంటాండె. చర్చిలో అయ్యగారు రూతమ్మా అంటారు." నన్ను చూపించి, "వీడు మొద్దూ అంటాడు సార్, కొట్టు వీన్ని!"

గదంతా నవ్వింది.

"మరి నీ దుడ్లు, నీ మాత్రలు ఎవరు సూడాల తల్లీ?"

"అమ్మ. వీడొద్దు. నా బిస్కెట్లు తింటాడు."

సహోదరులారా, ఆ ఆరోపణ నిజం! ఆమె తరఫున మాట్లాడదామని మేం వెళితే, ఆమే మాట్లాడి గెలిచింది, ఆ రోజు నుండి మా ఇంట్లో ఆమెను మొద్దు అన్నవాడు లేడు. పత్రం వచ్చింది, అమ్మ బ్యాంకులో మొదటి సంతకం పెట్టింది, ఖాతా తెరుచుకుంది, ఈ రోజు వరకు అక్కకు ఒక్క పూట మాత్ర తప్పలేదు!

మీ ఇంట్లోనూ అటువంటి బిడ్డ ఉంటే ప్రభువును నమ్ముకోండి, ఆయన విడువడు. ఉపవాసానికి కూర్చునే ముందు మాత్రం ఆధార్ కార్డు ఒకసారి చదవండి, జిరాక్సులు ఇంటి దగ్గరే తీయించుకోండి. ఆ బ్యాంకు పక్కన జిరాక్సు మిషను పనిచేయదు.