అయానూ మా ఆయనా

బాగేపల్లి దగ్గర ఒక హైస్కూల్లో నేను సైన్సు చెప్తాను. పుస్తకం కన్నడం, పిల్లల ఇంటి మాట తెలుగు, నా మాట ఆ రెండింటి నడుమ గుంతల రోడ్డు. అందుకే కష్టమైన పాఠాలు తెలుగులో ఫోన్లో రికార్డు చేసి పంపుతాను.

ఆ వారం పాఠం, అంగారకుడి గాలి యాడికి పోయిందనేది. మిట్టేమరిలో మా మిద్దె మీద కూర్చుని మొదలుపెట్టినాను. పైపై గాలిలో అణువుకు ఎండ తగిలి ఎలక్ట్రాను ఊడిపోతే మిగిలేది అయాను. దానికి ఆవేశం ఉంటాది. (మా ఆయనకు అది బొత్తిగా లేదు.) సూర్యుడి నుంచి వీచే గాలి అయస్కాంత బలాన్ని మోసుకొచ్చి, ఆవేశం ఉండేదాన్ని ఈడ్చుకోని పోతాది. భూమికి ఉన్నట్టు అంగారకుడికి చుట్టూ అయస్కాంత కంచె లేదు.

చివరి వాక్యం దగ్గర నోరు తిరగక, మళ్ళీ మళ్ళీ చెప్పినాను: "అయానును పట్టి పెట్టుకునేది కష్టం. ఒకసారి జారిపోతే మళ్ళా వచ్చేది లేదు."

కింద మా అత్త కందులు చెరుగుతాండాది. ఆమెకు వినపడింది "ఆయనను". నేను మొగుణ్ణి పేరు పెట్టి పిలవను, కాబట్టి మా ఇంట్లో ఆయన అంటే ఆమె కొడుకే. బెంగళూరులో పని, శనివారం వస్తాడు.

నేను దిగేసరికి అత్త చాట పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకుంది.

"వాడు పోతే పోనీ అమ్మా. నువ్వు మాత్రం యాడికీ పోవద్దు. ఈ ఇల్లు నీది."

మిద్దె మీది పాఠం విన్నట్టుండాది, అంగారకుడి మీద ఇంత జాలా అనుకున్నాను. "అది శానా కాలం కిందటి మాట అత్తా. ఇప్పుడు ఏడిస్తే ఏం లాభం?" అన్నాను.

అత్త కొంగుతో కండ్లు తుడుచుకుంది.

మరుసటి రోజు, మంగళవారం, పొద్దుగూకేటప్పటికి ఆయన దిగినాడు. అమ్మ ఫోన్లో తిట్టిన తిట్లకు చిక్కబళ్ళాపురంలో బస్సు ఎట్లా మారినాడో ఆయనకే తెలీదంట.

"నేనేం చేసినా?"

"మీరేం చేసినారు?" అన్నాను నేను.

అత్తను అడిగితే సంగతి బయటపడింది. రికార్డింగు పెట్టి వినిపించినాను. ఆయన నవ్వినాడు. "అమ్మా, పోయేది నేను కాదు, గాలి."

"నువ్వు మాత్రం ఏం తక్కువరా? శనివారం వస్తావు, ఆదివారం కనపడవు."

ఆయన నవ్వు ఆగిపోయింది. వాకిట్లోకి పోయి, రేపు పనికి రానని ఆఫీసుకు ఫోన్ చేసినాడు. అత్త ఇంకో రాగిముద్దకు ఎసరు పెట్టింది.