బెన్ నెవిస్ మ్యాపు అంచున

మంగళవారం ఉదయం, డిబేట్ ఫైనల్‌కు నోట్స్ రాసుకుంటుండగా మా యూనివర్సిటీ పక్క ఊరు బాతెల్ నుంచి ఫోన్ వచ్చింది. మా డాక్టర్ అంకుల్ నిద్రలోనే వెళ్లిపోయారని ఆయన కూతురు చెప్పింది. వాదనల్లో నేను ఓడిపోయింది ఒక్కసారే. అదీ ఆయన చేతిలోనే.

వయసులో ఉండగా ఆయన స్కాట్లాండ్ ఆస్పత్రుల్లో పనిచేశారు. రిటైరయ్యాక ఆంటీతో కలిసి కూతురి దగ్గర ఉంటూ, శనివారాలు మా ఎమ్మెస్ విద్యార్థులను కొండలకు తీసుకెళ్లేవారు. వాళ్ల వంటింటి బల్ల మీద హైలాండ్స్‌లోని ఎత్తైన కొండ బెన్ నెవిస్ మ్యాపు ఎప్పుడూ పరిచి ఉండేది. పడమటి నుంచి మెలికలు తిరుగుతూ ఎక్కే మామూలు బాట, తూర్పున పక్క కొండ నుంచి విల్లులా వంగి వచ్చే ఇరుకైన రాతి గట్టు, ఉత్తరాన నిలువు బండల మీది దారులు, అన్నిటినీ ఎర్ర పెన్సిల్‌తో గీసిపెట్టారు.

"ఎక్కడం ఎవరైనా ఎక్కుతారమ్మా. పైన బల్లపరుపుగా ఉండి మోసం చేస్తుందది," అనేవారు.

మేఘం కమ్మితే శిఖరం నుంచి దిక్సూచి చూసుకుంటూ మొదట 231 డిగ్రీల దిక్కున నూట యాభై మీటర్లు, ఆపైన 282 డిగ్రీలు. తప్పితే ఉత్తరాన ఆ నిలువు బండల అంచే. అందుకే వంద మీటర్లకు తన అడుగులెన్నో ప్రతివారికీ తెలియాలని, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో మమ్మల్ని నడిపించి లెక్క రాసుకునేవారు. నేను నడవలేదు. ఫోన్‌లో జీపీఎస్ ఉండగా ఇదేం చాదస్తమని వాదించాను.

పోయిన సెప్టెంబరులో, ఇక్కడి కాస్కేడ్ కొండల్లో ఒక శిఖరం నుంచి దిగుతుండగా మేఘం కమ్మింది. చలికి నా ఫోన్ ఆగిపోయింది. అయినా ఎడమ పక్కకే దిగాలని పట్టుబట్టాను. ఎక్కేటప్పటి గాలి, నేల వాలు, రాళ్ల రంగు, ఒక్కొక్కటీ సాక్ష్యంగా నిలబెట్టాను. మాతో వచ్చిన మిత్రులిద్దరూ నా వైపు వచ్చేశారు.

"గెలిచావు లాయరమ్మా," అన్నారాయన, దిక్సూచి మీంచి కళ్లెత్తకుండా. "కొండకి చెప్పావా మరి?"

రెండు వందల మీటర్లు తన వెంట రమ్మని, దారి దొరక్కపోతే నా మాటే వింటానని అన్నారు. పైకే లెక్కపెడుతూ నడిచారు. లెక్క పూర్తి కాకముందే, దారి గుర్తుగా పేర్చిన రాళ్లు కనిపించాయి. కాసేపటికి మేఘం విడిపోయింది. నేను చూపిన వైపు నేల లేదు.

ఇంటికొచ్చాక ఆంటీతో ఆయన చెప్పింది ఒక్కటే, ఈ పిల్ల భలే వాదిస్తుందని. ఆ తర్వాత కూడా నేను అడుగుల లెక్క ఇవ్వలేదు. ఇస్తే ఓటమి ఒప్పుకున్నట్టవుతుందనుకున్నాను. ఆయన అడగనూ లేదు.

వచ్చే వేసవిలో మమ్మల్ని బెన్ నెవిస్‌కు తీసుకెళ్లాలనుకున్నారు. మేం వెళ్తాం. మామూలు బాటలో ఎక్కి, పైన ఎండ కాస్తున్నా సరే, 231 పట్టి లెక్కపెట్టుకుంటూ దిగుతాం. ఈ ఒక్క విషయంలో నేనెవరితోనూ వాదించను.

నిన్న ఆంటీ ఆ మ్యాపు నా చేతిలో పెట్టారు. అంచున ఆయన చేతిరాతలో మా పేర్లు, పక్కన అడుగుల లెక్కలు. నా పేరు దగ్గర అంకె లేదు, ప్రశ్నార్థకం ఉంది. సాయంత్రం వానలో, అదే పార్కింగ్‌లో నాలుగుసార్లు నడిచాను. నూట ముప్ఫై ఎనిమిది. ఆయన ఎర్ర పెన్సిల్‌తోనే రాశాను. ప్రశ్నార్థకాన్ని మాత్రం చెరపలేదు.