గడి ముందరి బండ

నేను భయస్తురాలినే. కాదని చెప్పను. కానీ నా భయాలన్నీ కంటికి కనిపించేవి. పాపకు జ్వరం వస్తుందేమో, నేల మీద దొరికిన పల్లీగింజ నోట్లో పెట్టుకుంటుందేమో, టీకా వేసిన చోట గడ్డ కడుతుందేమో. దయ్యాల భయం మాత్రం నాకు ఏనాడూ లేదు. బీఎస్సీ చదివేటప్పుడు హాస్టల్లో చీకటి పడితే బాత్రూంకు తోడు రమ్మనే అమ్మాయిలను ఏడిపించిన వాళ్ళలో నేనే మొదటిదాన్ని.

ఇప్పుడు పాప నా పక్కన పడుకుని ఉంది. ఫోన్ వెలుతురు తన మీద పడకుండా పక్కకు తిరిగి ఇది రాస్తున్నాను.

అందరూ టీవీలో చూసే ఆ రాజుల కాలం సీరియల్ ఎక్కడెక్కడ తీశారో వెతికి చూపించే వీడియోలు ఈ మధ్య చాలా వస్తున్నాయి. నిన్న ఒక జంట, అందులో రాణి పురుడు పోసుకున్న గది దొరికిందని సంబరంగా వీడియో పెట్టారు. వాళ్ళ చేతిలో నెలల పాప. ఆ పాపకు జరీ బట్టలు వేసి, తలపాగా చుట్టి, ఆ గదిలోనే ఫొటోలు తీశారు. పసిపిల్లలను అక్కడికి తీసుకుపోకండి అని నేను కింద రాశాను. జవాబుగా నవ్వే బొమ్మలు వచ్చాయి. అందుకే మొత్తం రాస్తున్నాను. నమ్మినా నమ్మకపోయినా సరే.

ఆ సీరియల్‌లో మీరు చూసే కోట ఒకచోట లేదు. దర్బారు హైదరాబాద్‌లో వేసిన సెట్టు. యుద్ధం జరిగింది కొండపాక వైపు ఒక బీడు భూమిలో. జాగ్రత్తగా చూస్తే ఏనుగుల వెనకాల కరెంటు స్తంభం కనిపిస్తుంది. పురిటి గది మాత్రం నిజమైనది. దుబ్బాక దాటి లోపలికి పోతే వచ్చే ఒక ఊళ్ళో, పాత దొరల గడిలో, కోటలాంటి వాళ్ళ భవంతిలో ఉంది. ఊరి పేరు రాయను.

మా ఆయనకు సిద్దిపేటలో టెంట్ హౌస్ ఉంది. ఆ గడిలో షూటింగ్ జరిగినన్నాళ్ళూ కుర్చీలు, షామియానాలు, వంటగిన్నెలు మావే. యువరాజును తొట్టెలలో వేసే సీన్ కోసం పసిపాప కావాలని మేనేజర్ అడిగితే, మా ఆయన వెనకాముందూ చూడకుండా మన పాప ఉంది కదా అన్నాడు. పాపకు అప్పుడు ఐదో నెల. టీవీలో కనబడుతుందని నాకూ లోపల సంతోషంగానే ఉంది.

అత్తమ్మ మాత్రం ఊరి పేరు వినగానే మొహం మాడ్చుకుంది. ఆమె పుట్టిల్లు ఆ ఊరి పక్కనే. పాపను నేనొక్కదాన్నే చూసుకోలేనని మాతో వచ్చింది గానీ, గడి గేటు దగ్గర ట్రాలీ ఆటో ఆగగానే దిగనని కూర్చుంది.

"మా అవ్వ గీ గడప తొక్కద్దని చెప్పి సచ్చింది. నేను తొక్క."

"దొరలు పోయి ఎన్ని ఏండ్లాయె అవ్వా," అన్నాడు మా ఆయన వాళ్ళమ్మతో. "ఇప్పుడు లోపట పావురాలే ఉన్నయ్."

"ఐతే పావురాలకే కిరాయికియ్యిరా నీ కుర్చీలు."

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. అత్తమ్మ నవ్వలేదు.

గేటు పక్కన పెద్ద చదును బండ ఒకటి ఉంది. నేను పాప సామాను సంచి దాని మీద పెట్టి, చెయ్యి ఆనించగానే చురుక్కుమంది. వెంటనే సంచి తీసుకున్నాను. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. ఆ బండ మీద నీడ అన్నది లేదు. షూటింగ్ చూడటానికి ఊళ్ళోవాళ్ళు ఎగబడతారని అనుకున్నాను. ఒక్కరూ రాలేదు. ఎదురింటి ముసలాయన మమ్మల్ని చూసి తలుపు వేసుకున్నాడు.

లోపల పావురాల కంపు, కొత్త పెయింటు వాసన కలిసిపోయి ఉన్నాయి. ఎటు చూసినా పాతకాలం మనుషులే. ముక్కుపుడకలు పెట్టుకున్న దాసీలు కాగితపు గ్లాసుల్లో టీ తాగుతున్నారు. కత్తులు కట్టుకున్న సిపాయిలు ఫోన్లు చూసుకుంటున్నారు. ఇది ఎందుకు చెబుతున్నానో ముందుకు పోతే అర్థమవుతుంది. ఆ రోజు అక్కడ పాతకాలం మనిషిని చూస్తే ఎవరికీ అనుమానం రాదు.

పాపకు జరీ చొక్కా వేశారు. మెడలో ముత్యాల దండలు, నెత్తిన చిన్న తలపాగా. అచ్చం పెద్దింటి బిడ్డలా ఉంది. హైదరాబాద్ నుంచి తెచ్చిన తొట్టెల కొత్తదిలా కనిపిస్తోందని, గడి మీది అంతస్తులో దొరికిన పాత తొట్టెలను దించి గొలుసులకు కట్టారు. నాలుగు మూలలా చెక్కిన చిలకలు. గట్టి టేకు.

"అమ్మా, పాప ఏడిస్తే దినమంత ఖరాబైతది. పాలిచ్చి పండవెట్టు," అని మేనేజర్ విసుక్కుంటూ వెనక గది చూపించాడు.

ఆ గది చల్లగా, చీకటిగా ఉంది. గోడ వైపు తిరిగి పాలిచ్చాను. పాప నిద్రలోకి జారుకుంటుండగా, గుమ్మంలో ఎవరో ఉన్నట్టు అనిపించి తిరిగాను. ఒక ఆడమనిషి. మట్టిరంగు చీర, రవికె లేదు. దాసీ వేషం అనుకున్నాను. మిగతా దాసీల కంటే వేషం బాగా కుదిరిందని కూడా అనుకున్నాను. ఆమె ఎద మీద బట్ట రెండువైపులా తడిసి ఉంది. పాలిచ్చే వాళ్ళకు ఆ తడి ఏమిటో చెప్పక్కర్లేదు. పాలు చేపి కారితే అలా తడుస్తుంది. నాకు జాలేసింది.

"నీకు గూడ చిన్న పిల్ల ఉన్నదా అక్కా?" అని అడిగాను.

"ఉన్నది."

"ఏది మరి?"

"ఎండల."

"ఎండలేందక్కా! లోపటికి తెచ్చుకో. గీడ సల్లగుంది గదా."

"రానిత్తరా?"

అప్పటిదాకా ఆమె పాప మెడలోని దండలనే చూస్తోంది. ఆ మాట అని నన్ను చూసింది. నన్ను తిట్టిన వాళ్ళున్నారు, నాతో మాట్లాడటం మానేసిన వాళ్ళున్నారు. కానీ ఒక మనిషి నన్ను అలా చూడటం అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు. మేనేజర్ మీద కోపం నా మీద చూపిస్తోందని సరిపెట్టుకున్నాను. ఆమె వంగి పాప పాదం ముట్టుకుంది.

"నీ బిడ్డ సల్లగున్నది," అంది.

బయటి నుంచి ఎవరో, షాట్ రెడీ, పాపను పంపియ్యండి అని కేకేశారు. ఆమె రెండు చేతులూ చాపింది. తీసుకుపోవడానికే వచ్చిందనుకున్నాను. ఇచ్చాను.

జాకెట్టు సర్దుకుని, సంచి తీసుకుని నేను బయటికి వచ్చేసరికి అందరూ మానిటర్ ముందు ఉన్నారు. మేనేజర్ నన్ను చూసి నోటి మీద వేలు పెట్టుకున్నాడు. "తొట్టెలల వేసిన్రు. సప్పుడు జెయ్యకు," అన్నాడు మెల్లగా. మానిటర్‌లో తొట్టెల మెల్లగా ఊగుతోంది. లోపలి పట్టుబట్ట ఎత్తుగా లేచి పడుతోంది, పిల్లలు కాళ్ళు ఆడిస్తే లేచినట్టు. నేను ఊపిరి పీల్చుకున్నాను.

రాణి వేషం వేసినామె వంగి బట్ట తొలగించింది. వంగినది వంగినట్టే ఆగిపోయింది. తర్వాత కెమెరా వైపు తిరిగి, "పాప ఏది?" అంది.

పరిగెత్తాను. తొట్టెల ఖాళీ. నేను ఆ బట్టంతా పిచ్చిదానిలా తడిమాను. మధ్యలో నా చెయ్యి తడిసింది. పిల్లలు అప్పుడే ఉచ్చ పోస్తే ఎలా ఉంటుందో అలా. ముక్కు దగ్గర పెట్టుకుంటే అదే వాసన.

అందరూ ఒకరి మీద ఒకరు అరుచుకున్నారు. తొట్టెలలో వేసింది నేను కాదంటే నేను కాదన్నారు. ఎవరికి వాళ్ళు ఇంకొకరు వేశారనుకున్నారు. దాసీ వేషాలన్నీ వరసగా నిలబెట్టారు. ఆమె లేదు. మట్టిరంగు చీర కూడా లేదు, అందరివీ ఎరుపూ పచ్చా.

"మావోళ్ళు గింత మందే," అన్నాడు మేనేజర్. "నీ బిడ్డను ఎవలకిచ్చినవో నీకే తెల్వదా?"

అప్పుడే గేటు బయటి నుంచి అత్తమ్మ కేక వినిపించింది.

పాప బండ మీద ఉంది. ఆ చదును బండ మీద, వెల్లకిలా, జరీ చొక్కాతో, దండలతో, తలపాగాతో. ఏడవడం లేదు. మొహమంతా కందిపోయింది. పెదాలు ఎండి తెల్లగా అయ్యాయి. కళ్ళు సగం మూతపడ్డాయి. అత్తమ్మ అప్పటికే కొంగుతో నీడ పట్టి, పాపను ఎత్తుకుంటోంది. మా ఆయన నీళ్ళ క్యాన్ తెచ్చి తల మీద చల్లాడు. చాలాసేపటికి గాని పాప గొంతు రాలేదు. ఆ ఏడుపు వినే దాకా నేను బతికి ఉన్నానో లేదో నాకు గుర్తు లేదు.

ఇప్పుడు రాసేది నేను చూసింది కాదు, వాళ్ళిద్దరూ చెప్పింది. ఇద్దరూ ట్రాలీలో గేటుకు ఎదురుగానే కూర్చున్నారు. నేను లోపలికి పోయాక గేటులోంచి ఎవరూ బయటికి రాలేదు. బండ ఖాళీగా ఉంది. మా ఆయన తాడు ముడి విప్పడానికి తల వంచి, మళ్ళీ ఎత్తేసరికి బండ మీద పాప ఉంది. అత్తమ్మ అయితే తల కూడా వంచలేదంటుంది. చూస్తూనే ఉన్నానని, ఎప్పుడు వచ్చిందో మాత్రం తెలియదని అంటుంది.

సిద్దిపేట దవాఖానలో డాక్టరమ్మ పాప వీపు, పిక్కలు చూసి నా మీద మండిపడింది. బొబ్బలు లేచి ఉన్నాయి. చాలాసేపు ఎండలో పడుకోబెడితే తప్ప ఇలా కాదంది.

"సదువుకున్నవేనా నువ్వసలు?"

మేడం, నా చేతిలోంచి పోయి కొద్దిసేపే అయిందని చెప్పాను. ఆమె నమ్మలేదు. ఆమె జాగాలో నేనున్నా నమ్మను.

పాప కోలుకుంది. ఎడమ పిక్క మీద మచ్చ మాత్రం ఉంది. స్నానం చేయించేటప్పుడల్లా కనిపిస్తుంది.

దవాఖాన నుంచి వచ్చాక అత్తమ్మ నాతో చాలా రోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఒకరోజు బియ్యం ఏరుతూ తనంతట తానే చెప్పింది. వాళ్ళ అమ్మమ్మ ఆ గడిలో వెట్టికి వడ్లు దంచేదట.

"పని మనుషుల పిల్లలు లోపటికి రావొద్దు. ఏడిస్తే దొరసాని నిద్ర ఖరాబైతదట. గా బండ మీదనే పండవెట్టి పోవాలె. మా అమ్మమ్మ లోపట దొర బిడ్డకు పాలిచ్చి తొట్టెల ఊపుతుంటే, బయట ఆమె పిల్ల ఎండకు పోయింది. మా అవ్వ అటెంక పుట్టింది."

"నాకు ముందే ఎందుకు చెప్పలేదు అత్తమ్మా?"

"చెప్తే ఇంటుంటివా? టీవీల వడ్తదని కుతి నీకు."

నా మొహం చూడకుండా అంది: "మన పిల్ల అని ఆమెకు తెల్వకపాయె. నువ్వు దొర బిడ్డ లెక్క తయారు జేసి తీస్కపోతివి. ఎట్ల గుర్తువట్టాలె?"

ఆ సీన్ టీవీలో వచ్చింది. తొట్టెలలో బొమ్మ ఉంది. హైదరాబాద్‌లో మళ్ళీ తీశారట. గడిలో తీసింది ఎందుకు వాడలేదని మా ఆయన ఫోన్ చేస్తే, "గది పనికి రాదు, మల్ల అడగకు," అని మేనేజర్ పెట్టేశాడు. గదిని దూరం నుంచి చూపించే ముక్క మాత్రం ఉంచారు. ఇప్పుడు అందరూ వెతుక్కుంటూ పోయేది ఆ ముక్క చూసే.

నేను ఎన్ని రకాలుగా ఆలోచించాలో అన్ని రకాలుగా ఆలోచించాను. గడి అంటే పడని ఊరి మనిషి ఎవరో ఆ వేషంలో వచ్చి ఉండొచ్చు. గడికి వెనక దారి ఉండొచ్చు. మా ఆయన, అత్తమ్మ ఏమరుపాటుగా ఉండొచ్చు. ఆ బండ వేడికి కొద్దిసేపటికే బొబ్బలు రావచ్చు. ఒక్కొక్కటిగా చూస్తే అన్నింటికీ ఏదో ఒకటి చెప్పుకోగలను. ఆ తొట్టెలలోని తడికి మాత్రం చెప్పుకోలేకపోతున్నాను. నా పాప ఆ తొట్టెల ఎక్కనే లేదు.

ఆ తడి సంగతి అత్తమ్మకు ఒక్కసారే, ఆ బియ్యం ఏరిన రోజే చెప్పాను. ఏరిన బియ్యం తీసుకుని వంటింట్లోకి పోయింది. చాలాసేపటికి గుమ్మం దాకా వచ్చి నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"జరసేపన్న సల్లగ పండిందా?" అని అడిగింది.

ఆమె అడిగింది నా పాప గురించి కాదు.

ఇప్పటికీ నాకు తెలియదు. నా చేతికి తగిలినప్పుడు ఆ తడి ఇంకా వెచ్చగానే ఉంది.